రబ్బరు బెల్టు కోసం కోఠి దాకా

గాజు కన్నా సన్నగా, నల్లగా ఉండే చిన్న రబ్బరు బెల్టు. అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూస్తే కనపడదు. దానికోసం మా అత్తమ్మ, నేను కరీంనగర్ నుంచి హైదరాబాద్ వెళ్ళి రెండు రోజులు తిరిగామంటే మీరు నవ్వుతారేమో. మావారూ నవ్వారు. "ముప్పై రూపాయల వస్తువు కోసం హైదరాబాద్ పోతారా?" అన్నారు. ఆ నవ్వు తర్వాత ఏమైందో చివర్లో చెప్తాను.

హైదరాబాద్ వెళ్ళినవాళ్ళు చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం చూసి వస్తారు. మేము చూసి వచ్చింది కోఠిలో ఒక ఇరుకు గల్లీ, ఎర్రగడ్డలో రోడ్డు పక్కన ఒక ఆదివారం సంత.

ముందు అసలు సంగతి చెప్పాలి. మా మామయ్య 1983లో దుబాయ్ వెళ్ళారు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ పల్లెల్లో ఆ రోజుల్లో గల్ఫ్‌కు మనిషి వెళ్ళని వాడ ఉండేది కాదు. అత్తమ్మకు చదువు రాదు. ఉత్తరం వస్తే పక్కింటి పిల్లాడో, పోస్టుమాన్‌గారో చదివి వినిపించాలి. వేరేవాళ్ళు చదువుతారని తెలుసు కాబట్టి మామయ్య "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను, డబ్బు పంపాను" అని మూడు ముక్కలే రాసేవారు. పెళ్ళానికి చెప్పుకునే మాట ఒక్కటీ ఉండేది కాదు.

1986లో ఊరికి వచ్చే ఒకాయన చేతికిచ్చి జపాన్ టూ ఇన్ వన్ ఒకటి పంపారు. రేడియో, టేప్ రికార్డర్ రెండూ ఉన్న పెట్టె. దాంతోపాటు ఒక క్యాసెట్. అందులో పాటలు లేవు. మామయ్య మాటలున్నాయి. అప్పటినుంచి ఉత్తరాలు బందు. ఊరికి వచ్చేవాళ్ళ చేతికి క్యాసెట్ ఇచ్చి పంపడం, అత్తమ్మ దాన్ని విని, మళ్ళీ అదే క్యాసెట్‌లో తన మాటలు నింపి, వెళ్ళేవాళ్ళ చేతికి ఇవ్వడం. 1995లో ఆయన దుబాయ్ విడిచి వచ్చేశాక ఆ క్యాసెట్లు ఒక బిస్కెట్ డబ్బాలోకి చేరాయి. మొత్తం పదకొండు. వాటిలో నాలుగింటి మీద మావారు ఇంటర్ చదివే రోజుల్లో చిరంజీవి పాటలు ఎక్కించుకున్నారు. ఆ వయసులో పిల్లలకు ఏం తెలుస్తుంది చెప్పండి! మిగిలినవి ఏడు.

మామయ్య 2019లో పోయారు. ఆయన వీడియో మా దగ్గర ఒక్కటీ లేదు. ఫోటోలు ఉన్నాయి, గొంతు లేదు. ఈ సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే సజ్జ మీద డబ్బా కనిపించింది. మా అమ్మాయి "తాతయ్య మాట ఎట్లుండేదో నాకు మర్చిపోయినట్టుంది నానమ్మా, ఒక్కసారి పెట్టవా?" అంది. టూ ఇన్ వన్ దించి, దుమ్ము తుడిచి, వైరు పెట్టాం. రేడియో చక్కగా పలికింది. క్యాసెట్ మీట నొక్కితే లోపల మోటారు గిర్రుమంటోంది గానీ చక్రం తిరగదు.

మా ఊళ్ళో ఒక రిపేరు షాపుకు పట్టుకెళ్ళాం. ఆ అబ్బాయి విప్పి చూసి, లోపలి బెల్టు కరిగి తారులా అంటుకుపోయిందని దాన్ని గీకేసి, మనం పూల పొట్లానికి వేసే మామూలు రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి పెడితే మామయ్య గొంతు నూతిలోంచి వచ్చినట్టు, ఈడ్చుకుంటూ వచ్చింది. అర నిమిషానికి కర్‌మని శబ్దం. తీసి చూస్తే క్యాసెట్ లోపలి టేపు బయటికి వచ్చి, మడతలు పడి చక్రాలకు చుట్టుకుపోయింది. అత్తమ్మ ఏమీ అనలేదు. ఆ క్యాసెట్ కొంగులో చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ పూట అన్నం తినలేదు.

తర్వాత ఒక ఫోన్ల షాపు అబ్బాయి సలహా చెప్పాడు. "ఆంటీ, సెట్టెందుకు? క్యాసెట్లు నాకియ్యండి. హైదరాబాద్ పంపి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తెప్పిస్తా." నాకు బాగానే అనిపించింది. అత్తమ్మ ఒప్పుకోలేదు. "నాకు చెప్పిన మాటలు బిడ్డా అవి. దుకాణంల పోరగాండ్లు వినుడెందుకు?" అన్నారు. ఆలోచిస్తే ఆ మాటలో తప్పేముంది? మన పెట్టెలోని ఉత్తరాలు దుకాణానికిచ్చి చదివించుకుంటామా?

కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాం. మోడల్ నంబరు అడిగారు. చెప్తే, "కంప్యూటర్‌లో ఈ నంబరే లేదు మేడమ్" అన్నారు. అదిగో, అలా బయల్దేరింది మా కోఠి ప్రయాణం.

శనివారం పొద్దున్నే కరీంనగర్ బస్టాండ్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 2023 డిసెంబరు నుంచి ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు కదా, ఆధార్ కార్డులు చూపించి రెండు జీరో టికెట్లు తీసుకున్నాం. సెట్టును తువ్వాలులో చుట్టి గుడ్డసంచిలో పెట్టాం. పైన సామాన్ల దగ్గర పెడదామంటే అత్తమ్మ వినలేదు. 72 ఏళ్ళ మనిషి, దాదాపు 160 కిలోమీటర్లు దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నారు. కండక్టరమ్మ "ఏందవ్వా, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్?" అని నవ్వింది. సిద్దిపేటలో బస్సు ఆగినప్పుడు కూడా దిగలేదు. ఇంటినుంచి తెచ్చిన సర్వపిండి ముక్క చేతికిస్తే ఒక చేత్తోనే తిన్నారు.

జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగితే పక్కనే మెట్రో. 2020 ఫిబ్రవరి నుంచి ఇక్కడినుంచి ఎంజీబీఎస్ దాకా రైలు నడుస్తోంది. కరీంనగర్ వైపునుంచి వచ్చేవాళ్ళకు ఇది పెద్ద సౌకర్యం. ఇదివరకు సిటీ బస్సులో గంటకు పైగా నిలబడి కోఠి వెళ్ళేవాళ్ళం. ఎస్కలేటర్ దగ్గర అత్తమ్మ ఆగిపోయారు. "కదిలే మెట్లు నాకద్దు" అన్నారు. లిఫ్టులో తీసుకెళ్ళాను. ముషీరాబాద్, చిక్కడపల్లి, నారాయణగూడ దాటి సుల్తాన్ బజార్ స్టేషన్‌లో దిగాం.

కోఠి మనందరికీ తెలిసిందే. గాజులు, లంగాబట్టలు, పూసలు, పాత పుస్తకాలు. సుల్తాన్ బజార్‌లో అడుగుపెట్టిన ఆడవాళ్ళు ఖాళీ చేతులతో తిరిగి రావడం నేనైతే చూడలేదు. అటుపక్క తెల్లటి స్తంభాలతో బ్రిటిష్ రెసిడెన్సీ భవనం. నిజాం కాలంలో 1803 ప్రాంతంలో కర్క్‌పాట్రిక్ దొర కట్టించింది. తర్వాత అందులోనే కోఠి ఉమెన్స్ కాలేజీ నడిచింది. ఇప్పుడు అది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. ఇంకోపక్క గోకుల్ చాట్. 2007 ఆగస్టులో అక్కడ బాంబు పేలి ఎంతమంది పోయారో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అయినా జనం తింటూనే ఉన్నారు, మేమూ రెండు ప్లేట్లు కట్లెట్ తిన్నాం. బతుకు ఆగదు కదా.

ఎన్నోసార్లు కోఠి వెళ్ళాను గానీ, ఆ సందుల వెనక గుజరాతీ గల్లీ అని ఒకటుందని నాకు ఈ వయసుకు తెలిసింది. మనం అటు వెళ్ళం. అది మగవాళ్ళ బజారు. ఇటు అటు చేతులు చాపితే తగిలేంత ఇరుకు. తలెత్తితే ఆకాశం బదులు కరెంటు తీగలు. రెండు వైపులా డబ్బాల్లాంటి చిన్న చిన్న దుకాణాలు. మన పోపులపెట్టె ఉంటుంది చూడండి, అలాంటి గళ్ళ పెట్టెలు గోడ నిండా. ఒక్కో గడిలో ఒక్కో రకం. ఆవాల్లా కొన్ని, మెంతుల్లా కొన్ని, ఏలకుల్లా కొన్ని. రంగుల గీతలున్న చిన్న చిన్న రెసిస్టర్లు, గొట్టాల్లాంటి కండెన్సర్లు, కాళ్ళున్న నల్ల పురుగుల్లాంటి ఐసీలు. ఇన్ని గళ్ళున్నాయి, మన బెల్టు ఏదో ఒక గడిలో ఉండకపోతుందా అని సంబరపడ్డాను.

మొదటి దుకాణంలో తలూపారు. రెండో చోట "క్యాసెట్ బెల్టా? పదేళ్ళయిందమ్మా పెట్టక" అన్నారు. మూడో చోట కుర్రాడికి క్యాసెట్ అంటేనే అర్థం కాలేదు. నాలుగో చోట "బ్లూటూత్ స్పీకర్ తీస్కో అక్కా, మంచి మాల్" అన్నాడు. అలా పదిహేను దుకాణాలు. ఎక్కడ చూసినా టీవీ రిమోట్లు, ఎల్‌ఈడీ బల్బుల ముక్కలు, సీసీ కెమెరా వైర్లు, చార్జర్లు. అత్తమ్మ అలిసిపోయి ఒక దుకాణం మెట్టు మీద కూర్చున్నారు, సంచి ఒళ్ళో పెట్టుకుని.

ఆ దుకాణం పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. హిందీ తెలుగు కలిపి మాట్లాడతారు. "క్యా హై మాజీ, ఏం తెచ్చిండ్రు?" అని అడిగారు. సంచి విప్పగానే ఆయన మొహం వెలిగింది. "అరె, ఇది దుబాయ్ మాల్!" అన్నారు. మంచినీళ్ళిచ్చి, స్క్రూలు విప్పి చూపించారు. నాకు సగం అర్థమయ్యేలా, సగం వదిలేసి, ఎందుకు దొరకవో చెప్పారు. నాకు అర్థమైంది ఇది.

వెనకటి రోజుల్లో కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ మెకానిక్‌లందరూ నెలకోసారి చిట్టీ రాసుకుని ఈ గల్లీకే వచ్చేవారట. మన హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్ వాళ్ళు ఈసీ టీవీలు చేసేవారు. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు రేడియో వాల్వులు, ట్రాన్సిస్టర్లు చేసేవారు. డయనోరా, సాలిడేర్, కెల్ట్రాన్, ఎన్ని టీవీలు! ఏది పాడైనా ముక్క దొరికేది. తర్వాత ఆ తయారీలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఇప్పటి వస్తువుల్లో ముక్కలు బియ్యపు నూక కన్నా చిన్నవి, మిషను అంటించేవి. చేత్తో విప్పి వేసేవి కావు. పాడైతే బోర్డు మొత్తం మార్చడమే.

"మరి బెల్టులు చేయించరా?" అని అడిగాను. "ఎవరు చేస్తరమ్మా? వేలల్ల ఆర్డరిస్తే చేస్తరు. నాకు నెలకు ఇద్దరు అడుగుతరు" అన్నారు. క్యాసెట్ అనేది 1963లో ఫిలిప్స్ వాళ్ళు లోకానికి ఇచ్చిన వస్తువు. దాన్ని తయారుచేయించిన ఇంజనీరు లూ ఒటెన్స్ గారు 2021లో 94 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. సోనీ వాళ్ళు జపాన్‌లో క్యాసెట్ వాక్‌మన్ చేయడం 2010లోనే మానేశారు. ఇప్పుడు కొత్తగా అమ్మే క్యాసెట్ ప్లేయర్లు కొన్ని ఉన్నాయి గానీ, లోపల ఇంచుమించు అన్నిటిలో ఒకే రకం చవక మెకానిజం. దాని ముక్కలు మన పాత సెట్టుకు సరిపోవు.

ఇంకో మాట కూడా చెప్పారు. అది నన్ను ఆశ్చర్యపరిచింది. పాత స్టాకు మూల ఎక్కడో దొరికినా లాభం లేదట. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. కవరు విప్పని బెల్టు కూడా ముప్పై ఏళ్ళకు పెళుసవుతుంది, లేదా జిగురవుతుంది. మనం పాత ప్రెషర్ కుక్కర్ గాస్కెట్టు దాచిపెట్టుకుంటే గట్టిపడి చీలిపోతుంది చూడండి, అదే సంగతి. ఐసీలైతే ఇంకో బాధ. కంపెనీ ఆపేసిన నంబర్లకు గిరాకీ ఉంటే, వేరే ఐసీ మీద ఆ నంబరు రుద్ది అమ్మే దొంగమాలు బజారులో తిరుగుతుందట. "మీ సెట్టుకు ఐసీ పోలేదు, అదృష్టం" అన్నారు.

అప్పుడు ఆయన లోపలినుంచి ఒక పాత హార్లిక్స్ సీసా తెచ్చారు. నిండా రకరకాల బెల్టులు. గుండ్రటివి, చదునువి, నలుపలకలవి. దారం ముక్కతో చక్రాల చుట్టూ కొలతేశారు. కొలతకన్నా కొంచెం చిన్నది కావాలట, సాగి బిగువుగా కూర్చోవడానికి. మరీ చిన్నదైతే మోటారు మీద బరువు పడుతుంది. మన జాకెట్ కొలత లాగే అన్నమాట, అతికీ అతకనట్టుండాలి. పావుగంట వెతికి ఒకటి తీశారు. సాగదీసి, వంచి, గోటితో గీకి చూశారు. "ఇది నాలుగేండ్ల కింద తెప్పిచ్చింది. తాజాగా ఉంది" అన్నారు. అత్తమ్మ దాన్ని తీసుకుని కళ్ళకద్దుకున్నారు. నలభై రూపాయలు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. టేపును నొక్కిపెట్టి నడిపించే చిన్న రబ్బరు చక్రం ఉంటుంది, పించ్ రోలర్ అంటారట. అది రాయిలా గట్టిపడింది. టేపును నమిలింది అందుకేనట. అది సీసాలో లేదు. గల్లీలోనూ లేదు. "రేపు ఆదివారం. ఎర్రగడ్డ పోండ్రి. చచ్చిన సెట్టు ఒకటి కొనండ్రి. దాంట్లది తీసి దీనికి పెట్టాలె. ఇప్పుడు గట్లనే నడుస్తుంది" అన్నారు. ఒక సెట్టు బతకాలంటే ఇంకొక సెట్టు పోవాలన్నమాట. అవయవదానం మనుషులకే కాదు, వస్తువులకూ వచ్చింది. అత్తమ్మతో ఆయన చివరగా అన్న మాట మాత్రం నేను మరిచిపోలేను. "నా తర్వాత ఈ సీసా ఎవరు చూస్తరో మాజీ. మా పిలగాండ్లు ఫోన్ల బిజినెస్‌ల ఉన్నరు."

ఆ రాత్రి మూసాపేటలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాం. మా మరిది చదువుకున్నవాడు. 2022లో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు గురించి కమిటీ వేసిందనీ, ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు, సేద్యం యంత్రాలు బాగుచేసుకునే వివరాలు కంపెనీలు జనానికి చెప్పాలని ఒక పోర్టల్ కూడా పెట్టారనీ చెప్పాడు. మంచిదే. ఇప్పుడు కొనేవాటికి అది పనికొస్తే మన పిల్లలు సుఖపడతారు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి సెట్టుకు మాత్రం ఎర్రగడ్డే గతి.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. ఎర్రగడ్డ సంత చూసి తీరాల్సిందే. రోడ్డు వెంట పట్టాలు పరిచి, లోకంలో పాడైపోయినవన్నీ అక్కడ కుప్పలు పోశారు. మూత లేని మిక్సీలు, పిడి లేని ఇస్త్రీపెట్టెలు, ఒంటి చెప్పు, గడియారాలు, చుట్టలుగా వైర్లు, పలకని రేడియోలు, పాత టెలిఫోన్లు. ఒకచోట మన పెళ్ళిళ్ళకు ఇచ్చే గోడగడియారాలే గుట్టగా ఉన్నాయి. ఎవరింటి జ్ఞాపకాలో అనిపించింది. కొందరు మెకానిక్‌లు గొంతుకు కూర్చుని చిన్న స్క్రూడ్రైవర్‌తో విప్పి చూసుకుంటున్నారు. వస్తువు పనిచేస్తుందా అని అక్కడ ఎవరూ అడగరు. లోపల ఏముంది అనే అడుగుతారు.

గంటన్నర తిరిగాక ఒక పట్టా మీద అద్దం పగిలిన క్యాసెట్ సెట్టు కనిపించింది. వేరే కంపెనీది. మూత తెరిచి రోలర్ మీద గోరు గుచ్చి చూశాను. మెత్తగా ఉంది. చెల్లెలి ఇంటినుంచి తెచ్చుకున్న దారంతో కొలిచాను. సరిపోయింది! ఒక్క రోజులో నేనూ మెకానిక్‌నైపోయానని చెల్లెలు నవ్వింది. అతను ఆరొందలన్నాడు. బేరం అత్తమ్మ చేశారు. "పలుకుతదా? పలకదు. అద్దం ఉన్నదా? లేదు. మరి ఆరొందలు దేనికి నాయనా, దుమ్ముకా?" మూడొందల యాభైకి ఇచ్చాడు. దుబాయ్ డబ్బుతో ఇల్లు కట్టించిన మనిషి, బేరంలో ఆమెను ఎవరు గెలుస్తారు?

కరీంనగర్ చేరాక బిగించేవాళ్ళు కావాలి కదా. రబ్బరు బ్యాండు అనుభవం అయింది. టవర్ సర్కిల్ దగ్గర వెనకటికి రేడియో షాపు నడిపిన ఒక తాతగారు ఉన్నారని తెలిసింది. కళ్ళు సరిగా కనపడక షాపు మూసేశారు. బతిమాలితే మనవడిని తోడు తీసుకుని ఇంటికే వచ్చారు. ఆయన చేతులు వణుకుతున్నాయి గానీ పని తప్పలేదు. మిగిలిన తారును స్పిరిట్‌తో తుడిచి, బెల్టు వేసి, రోలర్ మార్చి, టేపు ఆనే హెడ్‌ను స్పిరిట్ అద్దిన దూదితో శుభ్రం చేశారు. మోటారు పక్కనున్న చిన్న మీట తిప్పి వేగం సరిచేశారు. పాడైన క్యాసెట్‌ను విప్పి, నలిగిన టేపును వేళ్ళతో సాఫు చేసి చుట్టారు. అడుగు మేర మాత్రం బాగా నలిగిపోయింది. "అడుగు టేపంటే ఆరు సెకన్ల మాటమ్మా. అంతే పోతది" అన్నారు. మావారి చిరంజీవి పాటల క్యాసెట్‌తో పరీక్ష చేశారు. పాట హుషారుగా వచ్చింది. మామయ్య క్యాసెట్లు మాత్రం ఆయన పెట్టలేదు. "అవి మీరు వినుకోండ్రి" అని డబ్బులు తీసుకుని వెళ్ళిపోయారు. అడగకుండానే తెలుసుకున్నారు, పెద్దమనిషి.

అత్తమ్మ సెట్టు, డబ్బా తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరేసుకున్నారు. మేమంతా హాల్లో కూర్చున్నాం. లోపల మగగొంతు. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం తెలుస్తోంది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఒక గంట గడిచింది. నవ్వు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. చివరికి తలుపు తీసి "ఇటు రాండ్రి" అన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆయన మాట అయిపోయింది. ఇంక ఒట్టిదే అనుకున్న. తీద్దామని లేస్తుంటే ఇంకెవరిదో ఆడమనిషి మాట వచ్చింది. ఎవలో చూడు" అని మీట నొక్కారు. టిక్కుమని శబ్దం. కోళ్ళ కూతలు. ఎవరో అంట్లు తోముతున్న చప్పుడు. ఒక పడుచు గొంతు, గబగబా, సిగ్గుపడుతూ, ఇల్లు గూనపెంకులు మార్పించాననీ, బర్రె ఈనిందనీ చెప్తోంది. అది అత్తమ్మే! ఒకటే క్యాసెట్ అటూ ఇటూ తిరిగింది కదా. మామయ్య తన మాటలు ఆమె మాటల మీదే నింపేవారు. ఆ ఒక్కసారి ఆయన తక్కువ మాట్లాడారు. ఆయన ఆగిన చోట, కింద ఉన్న అత్తమ్మ గొంతు కొంచెం మిగిలిపోయింది. ముప్పై మూడేళ్ళ వయసు గొంతు. "గిది నేనేనా?" అని అత్తమ్మ మళ్ళీ మళ్ళీ అడిగారు.

అంతలో ఒక పిల్లాడి గొంతు మధ్యలో దూరింది. "బాపూ, బాపూ, నాకు గడియారం తే. నల్లబెల్టుది. మర్వకు." తర్వాత క్యాసెట్ ఆగిపోయింది.

మావారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నవ్వడం లేదు. ఆయన పాటలెక్కించుకున్న ఆ నాలుగు క్యాసెట్లు గుర్తొచ్చాయేమో, ఏమీ మాట్లాడకుండా వెళ్ళి వరండాలో కూర్చున్నారు. కాసేపటికి అత్తమ్మ వెళ్ళి పక్కన కూర్చుని "పిల్లగానివి, నీకేం ఎరుక? ఉన్నకాడికి చాలు" అన్నారు.

ఆ వారంలో ఒక వైరు కొని, సెట్టుకు, కంప్యూటర్‌కు కలిపి ఇంట్లోనే రెండు క్యాసెట్లు ఎక్కించుకున్నాం. ఆ రెండే. పిల్లలకు చెప్పిన మాటలున్నవి. మిగిలిన ఐదూ అత్తమ్మవి. వాటిని ఎవరూ అడగలేదు.

మీ ఇళ్ళల్లో కూడా సజ్జ మీద ఇలాంటి డబ్బాలుంటాయి. పెళ్ళి మంగళహారతులో, అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాటలో, పసిపిల్లల ముద్దుమాటలో. నాకు తెలిసొచ్చిన జాగ్రత్తలు నాలుగు చెప్తాను.

క్యాసెట్ పైన అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి. వాటిని విరిచేస్తే పొరపాటున మీట నొక్కినా దాని మీద రికార్డు కాదు. ఈ సంగతి 1992లో నాకు తెలిసుంటే అనుకుంటాను గానీ, అప్పటికి నేనింకా ఈ ఇంటికి రాలేదు!

క్యాసెట్లను స్పీకర్లు, అయస్కాంతాల దగ్గర పెట్టకండి. ఎండ, చెమ్మ తగలని చోట, నిలువుగా నిలబెట్టి ఉంచండి. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే సెట్టులో పెట్టకండి, హెడ్ పాడవుతుంది, మిగతా క్యాసెట్లకూ అంటుతుంది.

ఎన్నో ఏళ్ళుగా వాడని సెట్టులో మంచి క్యాసెట్ మొదట పెట్టకండి. ఏ పనికిరాని పాటల క్యాసెట్టో పెట్టి చూడండి. నమిలితే అదే నములుతుంది.

సెట్టు వాడనప్పుడు లోపల సెల్సు ఉంచకండి. కారిపోయి తీగలన్నీ తినేస్తాయి. పాత సెట్టు పాడైందని తూకానికి వేయకండి. ఎవరి సెట్టుకు అందులోని చిన్న చక్రం ప్రాణం పోస్తుందో! అన్నిటికన్నా ముఖ్యం, బెల్టు దొరికినప్పుడే, చేసే చేతులున్నప్పుడే ఆ గొంతులు ఇంకోచోటికి ఎక్కించుకోండి. సీసాలో బెల్టులు తరుగుతున్నాయి, ఆ చేతులూ తరుగుతున్నాయి.

ఎర్రగడ్డలో కొన్న అద్దం లేని సెట్టును పారేద్దామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. సగం ఖాళీ అయిన ఆ పెట్టెను శుభ్రంగా తుడిచి, పాత చీర ముక్కలో చుట్టి, సజ్జ మీద పెట్టించారు. "ఉండనియ్యి బిడ్డా. రేపు దీనికి ఇంకేదన్నా పోతే, దాంట్లది పనికొస్తది" అన్నారు. పక్కన ఆ కోఠి పెద్దాయన రాసిచ్చిన దుకాణం చీటీ కూడా పెట్టారు.